మూయని కట్ట

పాపమ్మ ఎడమచేతి వేలు రిజిస్టరులో పేరు మీద ఉంది, కుడిచేతి వేలు మీట మీద ఉంది. తెర మీద పేజీ మారగానే ముందు ఫొటో చూస్తుంది. ఫొటో పక్కన పేరు పెదాలు కదిలిస్తూ చదువుతుంది. ఆ తర్వాత వేలిముద్ర. చివరికి నాలుగు దిక్కుల హద్దులు: తూర్పున వంక, పడమర రాళ్లగుట్ట, ఉత్తరాన ఫలానా వాళ్ల చేను, దక్షిణాన అడవి. ఒక్కటి తగ్గినా ఆ దరఖాస్తు పై ఆఫీసులో నిలవదు. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకనే రిజిస్టరులో పెన్సిలుతో టిక్కు పెట్టి, మీట నొక్కుతుంది.

"అత్తా, ఆ పేజీకి పెండ్లి చేస్తాండావా ఏందీ?" అనింది పక్క తెర ముందున్న దుర్గ. "నేను మూడు గూడేలు దాటేసినా. నువ్వు పొద్దున్నుంచి ఒగ గూడెంలోనే తిరుగుతాండావ్."

"నువ్వు బస్సులో పోతాండావు తల్లీ. నేను నడిచి పోతాండా."

మిగతా నలుగురూ నవ్వారు. పాపమ్మ కూడా నవ్వింది గానీ వేలు మాత్రం పేరు మీద నుంచి తీయలేదు.

ఆళ్లగడ్డలో బట్టలంగడి మీది అంతస్తులో ఉంది ఆ సెంటరు. ఆరు తెరలు. ఆరింటికీ కలిపి మెట్ల కింద గూట్లో ఒకటే కంప్యూటరు పెట్టె. టైపు చేసింది, స్కాను చేసింది ఏదీ ఆ పెట్టెలో ఉండదు. అన్నీ తీగ గుండా నంద్యాల ఆఫీసులోని పెద్ద కంప్యూటరులోకి పోతాయి. దాన్ని అందరూ డబ్బా అంటారు. ఆళ్లగడ్డలో తెరిచి చూసినా, నంద్యాలలో తెరిచి చూసినా కనబడేది ఆ డబ్బాలో సరుకే.

ఇప్పుడు చేస్తున్నది అడవి భూముల హక్కు దరఖాస్తుల పని. ఒక్కో గూడెం దరఖాస్తులన్నీ ఒక్క ఫైలుగా కలిపి పెట్టారు. దానికి కట్ట అని పేరు. పాపమ్మ ముందున్న కట్టలో నలభయ్యారు కుటుంబాలు, మూడువందల తొంభై ఒక్క పేజీలు. సోమవారానికి అది కర్నూలు చేరాలి. మిగతా గూడేల కాగితాలు బీరువాలో పొడిగా ఉన్నాయి. ఈ గూడెం కాగితాలు మాత్రం స్కాను చేసిన మర్నాడే పైకప్పు కారి తడిసిపోయాయి. ఎండబెట్టి విప్పబోతే పేజీలు పొరలు పొరలుగా ఊడి వచ్చాయి, సిరా అంతా నీలం నీళ్లయింది. ఇక ఉన్నదల్లా ఈ కట్టే. అందుకే దాన్ని పాపమ్మకు ఇచ్చారు. ఊడ్చే పనికి వచ్చి, స్కాను మిషను నేర్చుకొని, ఇప్పుడు పేజీలు సరిచూసే దాకా వచ్చింది ఆమె. ఆమె చూసిన కట్ట ఒక్కటీ ఇంతవరకు వెనక్కి రాలేదు.

మధ్యాహ్నం నంద్యాల నుంచి జయరాజు ఫోను చేశాడు. డబ్బా బాగోగులు చూసేది ఆయనే. సూపర్‌వైజరు యదునందన్ అందరికీ వినబడేలా ఫోను మీట నొక్కాడు.

"యదూ, డబ్బా నిండిపోయిందప్పా. ఇంక వేలు పెట్టే సందు లేదు. నేను శనివారం వచ్చి చెత్తంతా తీస్తా. అందాకా ఎవ్వరూ ఏమీ తీయొద్దండి. మీకాడ అగుపించేది, మాకాడ అగుపించేది ఒకటే, రెండు గాదు. ఆడ తీస్తే ఈడ చెత్తబుట్టలో కూడా పడదు. పోతే పోయినట్టే."

"యాడికి పోతాండావన్నా?" అనడిగాడు యదునందన్.

"సున్నిపెంటకు. మా చెల్లెలి కొడుక్కు పేరు పెడతాండారు. రేపొక్కరోజు ఓపిక పట్టండి."

ఓపిక పడతామని యదునందన్ చెప్పాడు. ఫోను పెట్టేసి గోడ మీది క్యాలెండరు చూశాడు. శుక్ర, శని, ఆది. వేళ్లతో లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

*

శుక్రవారం పొద్దున వచ్చీ రాగానే దుర్గ గట్టిగా అరిచింది. గంటసేపు కొట్టింది దాచబోతే స్థలం లేదని తెర మీద రాసి, మొత్తం పోయింది. ఇంకొకరిదీ అంతే అయింది. యదునందన్ ఒక తెర దగ్గర నుంచి ఇంకో తెర దగ్గరికి తిరుగుతున్నాడు. ఆ కుర్రాడు అహోబిలం నుంచి రోజూ మొదటి బస్సుకు వస్తాడు. మాట మెత్తన. గట్టిగా ఎవరైనా మాట్లాడితే చెవులు ఎర్రబడతాయి.

పదిన్నరకు కంపెనీ యజమాని ఏలీయా నంద్యాల నుంచి ఫోను చేశాడు.

"నాలుగు గూడేలు పెండింగా? ఇంక ఎప్పుడు కొడతారప్పా, మీ మనవళ్ల కాలానికా? సాయంత్రానికల్లా నాకు కావాల."

"స్థలం లేదు సార్."

"స్థలం లేకుంటే చేసుకో. సూపర్‌వైజరని బోర్డు ఎందుకు పెట్టినాం నీ ముందర?"

ఫోను పెట్టేశాక యదునందన్ తన తెర ముందు కూర్చున్నాడు. డబ్బాలో రెండు అరలు కనబడుతున్నాయి. ఒకదాని పేరు ఆళ్లగడ్డ, ఇంకోదాని పేరు కర్నూలుకు. అన్నిటికన్నా పెద్ద కట్ట, పాపమ్మ సరిచూస్తున్నది, రెండింటిలోనూ ఉంది. కర్నూలుకు పోవలసింది ఆ అరలో భద్రంగా ఉంటే, ఆళ్లగడ్డ అరలోది మన దగ్గర మిగిలిన నకలే అయి ఉంటుంది అనుకున్నాడు. నిజానికి కర్నూలు అరలో ఉన్నది ఉత్త పేరే. సరుకు ఆళ్లగడ్డ అరలో ఉందని చూపించే వేలులాంటిది అది. జయరాజు ఎప్పుడో పని సులువు కావాలని అట్లా పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పాపమ్మ నూటా పద్దెనిమిదో పేజీలో ఉంది. వెనక ఎవరో నిలబడిన అలికిడి అయితే తిరిగి చూసింది. యదునందన్. ముఖాన చెమట. ఆమె తెర వైపు చూసి, ఆమె వైపు చూసి వెళ్లిపోయాడు. మళ్లీ తన తెర ముందు కూర్చొని ఒకే మీటను నాలుగైదు సార్లు నొక్కాడు.

"ఏందీ అన్నా?" అంది దుర్గ.

"ఏం లేదు. స్థలం... ఇంకా రాలేదు."

పావుగంటకు ఏలీయా మళ్లీ ఫోను. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"తడిసిన గూడెం కట్ట యాడ పోయింది? కర్నూలు అరలో పేరుంది, నొక్కితే తెరుచుకోదు. మీ ఆళ్లగడ్డ అరలో అసలు లేనే లేదు."

"నంద్యాలలో ఎవరన్నా..."

"ఈడ నేను, వాచ్‌మన్ ఇద్దరమే ఉండాం. వాచ్‌మన్‌కు టీవీ పెట్టేది కూడా రాదు. ఎవరప్పా తీసింది?"

ఆరుగురూ ఒకే పేరుతో, ఒకే గుర్తుమాటతో పనిచేస్తారు. అది కంపెనీ పెట్టిన పద్ధతే. కంప్యూటరును అడిగితే ఆళ్లగడ్డ అని చెబుతుంది తప్ప మనిషిని చెప్పదు. గదిలో మీటల చప్పుడు ఆగిపోయింది. యదునందన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ కట్ట మీద పనిచేస్తాండేది పాపమ్మ, సార్," అన్నాడు.

అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ మాట అన్నాక అందరి తలలూ ఒక్కసారే పాపమ్మ వైపు తిరిగాయి.

"నాకు తెలుసు. ఊడ్చే మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఇట్లనే అవుతాది. మిషను మూసేసి ఇంటికి పొమ్మను. రేపు మాట్లాడతా."

పాపమ్మ లేచి నిలబడింది. చేతిలో పెన్సిలు ఉంది. దాన్ని రిజిస్టరులో పెట్టి, మళ్లీ తీసి, చెవి మీద పెట్టుకుంది.

"నేనేం తీయలేదు సారూ. నా కట్ట ఈడనే ఉండాది."

"అది పోయింది పాపమ్మా," అన్నాడు యదునందన్. "నీ తెర మీద ఉండేది ఉత్త నీడ. మూసేసి బేగా పో."

ఆమె మూసే గుర్తు వైపు బాణాన్ని జరిపింది. అంతలో ఏమనుకుందో ఆపి, రోజూ నొక్కే మీట నొక్కింది. కొంచెం ఆలస్యంగానైనా నూటా పంతొమ్మిదో పేజీ వచ్చింది. ఎవరిదో ముసలావిడ ఫొటో, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు.

"వచ్చింది," అంది.

"అది ముందే వచ్చి ఉంటాది. మిషను అట్ల రెండు మూడు పేజీలు దాచుకుంటాది."

పాపమ్మ కుర్చీలో కూర్చొని మూడు, తొమ్మిది, ఒకటి నొక్కింది. చివరి పేజీ. తెర తెల్లగా అయింది. దుర్గ కుర్చీ వదిలి వచ్చి ఆమె భుజం వెనక నిలబడింది. పైనుంచి గీత తర్వాత గీత దిగి వచ్చింది. గ్రామసభ ముద్ర, ఏడుగురి సంతకాలు, మూడు వేలిముద్రలు.

పాపమ్మ యదునందన్ వైపు తిరిగింది. "ఈ పేజీ నేను ఇంకా చూడనేలేదు. చూడని పేజీకి నీడ యాడ నుంచి వస్తాది సారూ?"

*

జయరాజు సెల్లు మూడోసారికి తగిలింది. వెనక సన్నాయి మేళం వినిపిస్తోంది. దుర్గ జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది.

"స్థలం వచ్చిందా?" అనడిగాడు జయరాజు.

"రాలేదన్నా."

"అంత పెద్ద కట్ట తీసినాక కూడా బరువు తగ్గలేదా?" మేళం చప్పుడుకు దూరంగా నడిచినట్టున్నాడు, గొంతు స్పష్టంగా వచ్చింది. "పాపమ్మగారికి ఇయ్యి."

పాపమ్మ చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఆ కట్టను మీరు పొద్దున్నుంచి తెరిచే ఉంచినారా?"

"నిన్న మధ్యాహ్నం కరెంటు వచ్చినప్పటి నుంచి. నాది నిదానం గదా సారూ. మూసి మళ్లీ తెరిస్తే పేజీ యాడుందో వెతుక్కోవాల. అందుకే మిషను గూడా ఆపకుండా పోయినా."

"ఇనుకోండి. ఆ కట్టకు ఇప్పుడు పేరు లేదు. ఎవరో పేరు కొట్టేసినారు. కానీ మీ మెట్ల కింద పెట్టె చూసింది, ఇంకా ఒకాయమ్మ చదువుతాంది అని. చదివేటోళ్లు చాలించేదాకా సరుకు పారేయదు. పిచ్చి పేరు ఒకటి తగిలించి మూల పెడతాది. మీరు మూసిన క్షణం పారేస్తాది. కరెంటు పోయి మీ తెర ఆరినా మూసినట్టే లెక్క."

"ఇంకో చోట నకలు తీసుకోకూడదా?"

"యాడ పెడతారు? డబ్బాలో సందు లేదు. మీ పెట్టె పొట్ట చిన్నది. పెన్ డ్రైవు పెట్టే బొక్కలకు కంపెనీ లక్క వేసింది గదా. నేను నంద్యాలకు పోయి డబ్బా ముందర కూర్చుంటే చాలు, దానికి మళ్లీ పేరు పెడతా. ఒక్క నిమిషం పని. ఇప్పుడే బయల్దేరతా. నాలుగున్నర, ఐదు అవుతాది. అడవిలో సెల్లు పలకదు. అందాకా మూయొద్దండి, ఎవ్వర్నీ ముట్టనీయొద్దండి."

"ఎవరు తీసినారో తెలుస్తాదా అన్నా?" అని యదునందన్ దూరం నుంచే అడిగాడు.

"మనిషి తెలీదు. కానీ ఆళ్లగడ్డలోనే తీసినారు. నంద్యాల నుంచి తీసి ఉంటే మీ పెట్టెకు తెలిసేదే గాదు, ఇది గూడా మిగిలేది గాదు."

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. రోజూ పన్నెండింటి నుంచి రెండింటిదాకా కరెంటు కోత. పాపమ్మ కుర్చీని ముందుకు లాక్కొని, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. చేతులు ఒళ్లో నిలవలేదు. రిజిస్టరు వెనక ఖాళీ కాగితాలు ఉంటే తీసి, తెర మీది పేజీలో హద్దులు చేత్తో రాసుకోవడం మొదలుపెట్టింది. తూర్పున వంక. పడమర. ఒక పేజీ రాయడానికి ఆరు నిమిషాలు పట్టింది. నలభయ్యారు కుటుంబాలకు ఎంతసేపు పడుతుందో లెక్క వేయబోయి, అది తేలకముందే పెన్సిలు మళ్లీ కాగితానికి ఆనించింది.

అప్పుడే తిరుపాలు మెట్లెక్కి వచ్చాడు. ఆ గూడెం మనిషే. పదిహేను రోజులకొకసారి బస్సు పట్టుకొని వచ్చి, మా కాగితం పోయిందా అక్కా అని అడిగి, ఇంకా లేదప్పా అంటే సరేనని వెళ్లిపోతాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, అలవాటుగా గోడ పక్కన కూర్చున్నాడు.

"మా కాగితం పోయిందా అక్కా?"

దుర్గ ముఖం తిప్పుకుంది. పాపమ్మ తెర నుంచి కళ్లు తీయకుండా చెప్పింది. "పోబోయింది. పట్టుకొని ఉండా."

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పింది. తిరుపాలు లేచి దగ్గరికి వచ్చి తెరను చూశాడు.

"నా పేజీ ఉండాదా దాంట్లో?"

"ఉండాది."

"చూపిస్తే మూసినట్టు అవుతాదా?"

"తిప్పితే ఏం గాదు." రెండువందల ఏడు నొక్కింది. తిరుపాలు ఫొటో వచ్చింది. బిగుసుకుపోయిన మెడ, భయపడ్డ కళ్లు. పక్కన భార్య. కింద రెండెకరాల నలభై సెంట్లు.

"ఆ పొద్దు ఫొటో తీసేటాయప్ప ఊపిరి బిగబట్టమన్యాడు," అన్నాడు తిరుపాలు. "ఇంకా వదల్లే నేను."

అంత గందరగోళంలోనూ దుర్గకు నవ్వు ఆగలేదు.

పన్నెండింటికి ఫ్యాన్లు ఆగిపోయాయి. ఐదు తెరలు ఆర్పేశారు. పాపమ్మ తెర, మెట్ల కింద పెట్టె, నంద్యాలకు కలిపే తీగ డబ్బీ మాత్రం బ్యాటరీ మీద ఉన్నాయి. బ్యాటరీ ఇరవై నిమిషాలు వస్తుంది, కొత్తదైతే. అది కొత్తది కాదు. అప్పుడే కీచుమని మూడు సార్లు అరిచింది.

కింద బట్టలంగడి వెంకటేశ్వర్లుకు జనరేటరు ఉంది. దుర్గ కిందికి పరుగెత్తింది, పరుగెత్తినంత బేగా వెనక్కి వచ్చింది.

"ఆయప్ప ఇయ్యడంట. శ్రావణ శుక్రవారం, అంగడి నిండా ఆడోళ్లు. లైట్లు ఆరితే ఒగ చీర గూడా పోదంట. అంత లోడు తట్టుకోదంట."

యదునందన్ కిటికీ దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. "నేనడిగితే బాగుండదు. పోయిన నెల మెట్ల మీద నీళ్లు కారినాయని ఆయనకు కోపం," అన్నాడు.

బ్యాటరీ మళ్లీ అరిచింది.

పాపమ్మ లేచింది. "తిరుపాలూ, ఈ కుర్చీలో కూర్చో. మీటలు ముట్టొద్దు. ఎవురొచ్చినా ముట్టనీయొద్దు. సారొచ్చినా సరే."

తిరుపాలు కుర్చీ అంచు మీద కూర్చొని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

కింద అంగడిలో తెల్లని పరుపుల మీద చీరలు గుట్టలుగా పడి ఉన్నాయి. పది పదిహేను మంది ఆడవాళ్లు. పైన ఎనిమిది గొట్టం లైట్లు. వెంకటేశ్వర్లు పాపమ్మను చూస్తూనే చెయ్యి అడ్డం ఊపాడు.

"చెప్పినా గదమ్మా ఆ పాపకు. కుదరదు."

పాపమ్మ ఆయనతో మాట్లాడలేదు. పరుపు మీద కూర్చున్న వాళ్ల వైపు తిరిగింది. వాళ్లలో అనసూయమ్మ అనే పెద్దావిడ ముదురాకుపచ్చ చీర ఒళ్లో వేసుకొని ఉంది. టీచరుగా చేసి మానేసిన మనిషి. ఆ వీధిలో ఆమె మాట కాదనే వాళ్లు తక్కువ.

"అమ్మా, పైన ఒగ మిషను ఆరిపోతే నలభయ్యారు ఇండ్లోళ్ల భూమి కాగితాలు పోతాయి. మళ్లీ తెచ్చేదానికి లేవు. నాలుగు లైట్లు ఆర్పితే ఆ కరెంటు మాకు సరిపోతాది. రెండు గంటలు. మీరు చీకట్లో ఎట్ల చూస్తారో నాకు తెలీదు. అడుగుతాండా, అంతే."

వెంకటేశ్వర్లు ఏదో అనబోయాడు. అనసూయమ్మ ఒళ్లో చీర తీసి లేచింది.

"చీకట్లో ఎందుకు చూస్తాం? బయట ఎండ లేదా? ఏమప్పా, రెండు పరుపులు తీసి వాకిట్లో ఎయ్యి. చీర రంగు అసలు తెలిసేది ఆడనే."

"వాకిట్లోనా?" వెంకటేశ్వర్లు గొంతు సన్నబడింది. "వాకిట్లో వద్దమ్మా, దుమ్ము..."

"దుమ్మంటాడు చూడండి! లైటు కింద నెమలికంఠం, ఇంటికి పోతే బూడిద. పోయిన దసరాకు నాకు అంటగట్టినావే, గుర్తుందా?"

ఆడవాళ్లందరూ ఒక్కసారే నవ్వి లేచారు. ఒకరి తర్వాత ఒకరు చీరలు చంకన పెట్టుకొని వాకిట్లోకి నడిచారు. వెంకటేశ్వర్లు వాళ్ల వెంట నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, లైట్ల మీటలు టకటకా ఆర్పాడు. "తీస్కోండి. తీస్కోండి మీ కరెంటు. ఈ రోజు నా అంగడికి ఎసరు పెట్టినారు మీరు."

దుర్గ పై కిటికీ నుంచి తీగ వదిలింది. పాపమ్మ దాన్ని జనరేటరు దాకా లాక్కుపోయింది. మెట్ల కింద బ్యాటరీ ఆగకుండా కూస్తోంది. వెంకటేశ్వర్లే తిట్టుకుంటూ తీగ బిగించాడు. కూత ఆగిపోయింది.

పాపమ్మ మెట్లెక్కేసరికి తిరుపాలు అట్లాగే ఉన్నాడు. తెర మీద అతని ఫొటో. ఇద్దరూ ఒకేలా బిగుసుకొని కూర్చున్నారు.

*

నాలుగూ నలభైకి ఫోను మోగింది. జయరాజు ఆయాసపడుతున్నాడు. "అమ్మా, డబ్బా ముందరే ఉండా. మూలన ఉండాది మీ కట్ట. పేరు పెట్టినా. ఇప్పుడు ఆళ్లగడ్డ అరలో చూడండి."

చూసింది. కొత్త పేరుతో కట్ట. తన తెరను ముట్టకుండా, దుర్గ తెర మీద దాన్ని తెరిచి, మొదటి పేజీ, రెండువందల ఏడు, మూడువందల తొంభై ఒకటి చూసింది. మూడూ ఉన్నాయి.

"ఇంక మీరు పట్టుకున్నది మూసేయొచ్చు. పిచ్చి పేరొక్కటే పోతాది. సరుక్కు ఏమీ గాదు."

"ఖాయమా సారూ?"

"నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉండాది. కొంచెం సేపు ఉండు." లోపల ఇంకో నాలుగు పేజీలు చూసింది. ఆ తర్వాత తన తెర మీది కట్టను మూసింది. చేతికి చెమట పట్టి మీట జారింది. రెండోసారి నొక్కవలసి వచ్చింది.

తిరుపాలు ఆఖరి బస్సుకు లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "సోమవారం పోతాదా అక్కా?" అనడిగాడు.

"పోతాది," అంది పాపమ్మ. ఆ మాట ఆమె అతనికి చెప్పడం అదే మొదటిసారి.

*

శనివారం పొద్దున యదునందన్ ఆమెను తన టేబులు దగ్గరికి పిలిచాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. ఒక కాగితం ముందుకు జరిపి, పెన్ను పక్కన పెట్టాడు.

"ఏలీయా సారు పన్నెండు గంటల బస్సుకు లెటరు పంపమన్నాడు. ఎట్లాగూ కట్ట దొరికింది గాబట్టి ఎవర్నీ ఏమీ అనడు. ఉత్త ఫైలు కోసమే. ఈడ సంతకం పెట్టు పాపమ్మా."

పెన్నును ఆమె ముట్టుకోలేదు. కాగితం తన వైపు తిప్పుకొని, మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. పెదాలు కదిలాయి. కొంచెంసేపటికి గొంతు కూడా బయటికి వచ్చింది.

"ఆళ్లగడ్డ సెంటరులో... పనిచేయు పాపమ్మ అను నేను... ఇరవై రెండో తేదీ ఉదయం..."

"లోపల చదువుకో పాపమ్మా."

"నాకు లోపల రాదు సారూ." వేలు జరిగింది. "చదువు సరిగా... రానందువలన... చూసుకొనక... ఫైలును తొలగించితిని."

దుర్గ మీటలు కొట్టడం ఆపేసింది. మిగతావాళ్లు కూడా ఆపారు. పాపమ్మ వేలు వెనక్కి పోయి, చదువు అన్నచోట మళ్లీ నిలిచింది.

"ఈ ముక్క ఎవరు పెట్టమన్నారు?"

"ఏదో ఒక కారణం రాయాల గదా. నమ్మాల గదా వాళ్లు."

"చదువు రాక కట్ట పోలేదు సారూ. నేను చదువుతాండా కాబట్టి నిలిచింది. ఆ సంగతి జయరాజు సారుకు తెలుసు. ఇదే కాగితం ఆయప్పకు చూపిస్తే ఏమంటాడు?"

యదునందన్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించాడు. "నిన్ను ఏమీ చేయరు, పెద్దదానివి. మళ్లీ ఊడ్చే పనికి పెట్టినా జీతం వస్తాది. నన్నయితే తీసేస్తారు. ఇంటికాడ ఏమని చెప్పాల?"

పాపమ్మ కూడా గొంతు తగ్గించింది. మిగతావాళ్లకు వినబడనంత.

"నిన్న నంద్యాలోళ్లు రెండోసారి ఫోను చేయకముందే నువ్వొచ్చి నా ఎనకాల నిలబడినావు. కట్ట పోయిందని అప్పటికి ఎవరికీ తెలీదు. నాకు ఆ పొద్దే అర్థమయింది."

"మరి అందరి ముందరా ఎందుకు చెప్పలా?"

"నాకు కరెంటు పని ఉండె."

కింద ఎవరో బేరమాడుతున్నారు. యదునందన్ కాగితం వైపు చూస్తూ, దాని మూలను గోటితో మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. "ఇంకో రకంగా రాస్తా. ఎవరి పేరూ లేకుండా, పొరపాటున జరిగింది అని..."

"రాయొద్దులే. నువ్వు రాసింది చదివేదానికి నాకు అరగంట పడతాది. బస్సు పోతాది." టేబులు మీది ఫోను తన వైపు లాక్కుంది. గోడ మీద రాసి ఉన్న ఏలీయా నంబరు చూసుకుంటూ, ఒక్కో అంకె నొక్కింది. మోగడం మొదలయ్యాక ఫోను అతని చేతికి ఇచ్చింది.

అతను చేత్తో మూసి పట్టుకొని అడిగాడు. "ఏమంటాడో?"

"నాకేం తెలుసు?"

రెండుసార్లు మోగింది. మూడోసారికి అవతల ఎత్తారు. యదునందన్ ఫోను చెవికి ఆనించాడు. చెప్పప్పా, ఎవరూ, అని అవతలి గొంతు రెండుసార్లు అడిగింది.

పాపమ్మ వెళ్లిపోలేదు. గోడ పక్కన ఉన్న స్టూలు లాక్కొని టేబులుకు ఇవతల కూర్చుంది.

"సార్, నేను యదునందన్‌ని. నిన్నటి కట్ట..." ఆగాడు. "పాపమ్మ తీయలేదు సార్. నేనే తీసినా."

అవతల ఏలీయా గొంతు లేచింది. మాటలు ఫోను దాటి గదిలో అందరికీ వినబడుతున్నాయి. దుర్గ తల దించుకుంది. యదునందన్ ఫోను చెవి నుంచి తీయలేదు, అడ్డం చెప్పలేదు. అతని రెండో చెయ్యి టేబులు అంచును పట్టుకొని ఉంది.

పాపమ్మ స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.